అధ్యాపకులకూ పాఠాలు: పునశ్చరణ తరగతులపై ఒక పరిశీలన

గత విద్యాసంవత్సరం ద్వితీయార్ధంలో మా ఉర్దూ శాఖాధ్యక్షులు బి.ఎ. మొదటి సంవత్సరం తెలుగు తరగతికి పదిహేను రోజులకొకసారి వచ్చి, చివరి బల్లమీద కూర్చుని, చేతి గడియారం ముందు పెట్టుకొని ఏదో వ్రాసుకుంటూ ఉండడం విద్యార్థులందరూ గమనించినదే. ఉర్దూ పండితులకు తెలుగు ఛందస్సుతో పని ఏమిటని కొందరు నవ్వుకున్నారు. నామీద ఎవరో ఫిర్యాదు చేయగా విచారణ జరుగుతున్నదని మరి కొందరు ఊహించారు. కళాశాల పాలకవర్గ సభ్యులలో ఒక పెద్దలు నన్ను పిలిచి, "ఏమి జరుగుతున్నది నాయనా?" అని ఆప్యాయంగానే అడిగారు. ఆనాడు నిలబడి చెప్పిన రెండు మాటలతో వారికి గాని నాకు గాని తృప్తి కలగలేదు. విచారణ ఏదీ లేదు. ఆయనను రమ్మని ప్రార్థించినవాడిని నేనే. ఎందుకు ప్రార్థించవలసి వచ్చినదో చెప్పాలంటే అధ్యాపకులకు జరిపే శిక్షణ తరగతుల ప్రస్తావన నుంచే మొదలుపెట్టాలి.

మన దేశంలో ఒక విచిత్రం ఉన్నది. అయిదవ తరగతి పిల్లవానికి ఎక్కాలు చెప్పే ఉపాధ్యాయుడు బోధనాశాస్త్రం చదివి, శిక్షణ పొంది, కొన్ని వారాలపాటు నిజమైన పాఠశాలలో పాఠాలు చెప్పి చూపించిన తరువాతనే ఉద్యోగార్హుడవుతాడు. ఉన్నత పాఠశాలలో బోధించాలంటే బి.ఇడి. తప్పనిసరి. డిగ్రీ తరగతులకు బోధించేవానికి మాత్రం ఇటువంటి నిర్బంధం ఏదీ లేదు. స్నాతకోత్తర పట్టం, 1989 నుంచి జరుగుతున్న 'నెట్' పరీక్షలోనో రాష్ట్రస్థాయి అర్హత పరీక్షలోనో ఉత్తీర్ణత, లేదా పిహెచ్.డి. ఉంటే చాలు. ఆ పరీక్షలో బోధనాభిరుచిని గురించిన ప్రశ్నలు లేకపోలేదు; కాని అవి సరైన జవాబుకు గుర్తు పెట్టే ప్రశ్నలు. తరగతి గదిలోకి అడుగుపెట్టి నోరు విప్పవలసిన అవసరం ఆ పరీక్షలో రాదు.

నా సంగతే చెప్పుకుంటాను. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఎ. తెలుగు పూర్తిచేసి, నియామక పత్రం చేతికి వచ్చిన నాలుగవ రోజున అరవై మంది ముందు నిలబడ్డాను. నన్నయ తెలుసు, చిన్నయసూరి తెలుసు, భాషాశాస్త్రం కొంత తెలుసు. పాఠం ఎట్లా చెప్పాలో తెలియదు. నాకు బాగా పాఠం చెప్పిన ఒక గురువుగారి కంఠస్వరాన్ని, చేతులు కట్టుకొనే తీరును అనుకరించాను. చాలామంది కళాశాల అధ్యాపకులు ఈ విధంగానే అధ్యాపకులవుతారు.

ఈ లోపాన్ని పెద్దలు గుర్తించకపోలేదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యాసంఘం పునశ్చరణ తరగతుల అవసరాన్ని ప్రస్తావించినది. అంతకు ముందు ఆయన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపాధ్యక్షులుగా పనిచేసిన సంగతి తెలుగువారు ఎరిగినదే. 1964-66 నాటి కొఠారి సంఘం మరొక అడుగు ముందుకు వేసి, కొత్తగా చేరిన లెక్చరర్లకు క్రమబద్ధమైన పరిచయ శిక్షణ ఉండాలనీ, పెద్ద విశ్వవిద్యాలయాలలో అందుకోసం స్థిరమైన స్టాఫ్ కాలేజీలు నెలకొల్పాలనీ చెప్పినది. 1983-85లో ఆచార్య రయీస్ అహ్మద్ అధ్యక్షతన ఉన్నతవిద్యా ఉపాధ్యాయులపై ఏర్పడిన జాతీయ సంఘం ఆ మాటనే బలపరచినది. 1986 జాతీయ విద్యావిధానం తరువాత, 1987 ప్రాంతంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఆదరణతో అకడమిక్ స్టాఫ్ కాలేజీలు వెలిశాయి. కొఠారి సంఘం సూచనకూ దాని అమలుకూ నడుమ ఇరవై సంవత్సరాలు దొర్లిపోయాయి. మన ప్రాంతంలో ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయాలలోను, ఆ తరువాత జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయంలోను, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలోను ఇటువంటి సంస్థలు ఏర్పడ్డాయి. 2015లో వీటికి మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలని పేరు మార్చారు. 2023లో మాలవీయ మిషన్ పేరు వచ్చినది. బోర్డులు మారాయి గాని లోపలి కుర్చీలు చాలావరకు అవే.

ఇక్కడ రెండు రకాల తరగతులు జరుగుతాయి. ఉద్యోగంలో కొత్తగా చేరినవారికి నాలుగు వారాల ఓరియెంటేషన్. అందులో అన్ని శాఖలవారూ కలిసి కూర్చుంటారు. అనుభవజ్ఞులకు శాఖలవారీగా పునశ్చరణ తరగతులు. ఇవి మొదట మూడు వారాలుండేవి, ఇటీవల రెండు వారాలకు తగ్గాయి. పదోన్నతికి వీటి ధ్రువపత్రాలు ఆవశ్యకం కావడంవల్ల హాజరు పుష్కలంగా ఉంటుంది. మంచికో చెడుకో ఈ ముడి పడినది. నిర్బంధం లేకపోతే సగం మంది వచ్చేవారు కారనడంలో సందేహం లేదు. నిర్బంధం ఉన్నందువల్ల వచ్చినవారిలో సగం మంది మనసు ఆ చివరి రోజున ఇచ్చే కాగితంమీదనే ఉంటుందనడంలోనూ సందేహం లేదు. నేనూ ఆ సగంలోని వాడిగానే బయలుదేరాను.

2018 వేసవిలో నాలుగు వారాలు ఒకచోట గడిపాను. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. మొదటి వారంలో ఒక వక్త 'విద్యార్థి భాగస్వామ్యంతో బోధన' అనే అంశంపై తెరమీది అక్షరాలను చదువుతూ గంటన్నరసేపు ఉపన్యసించారు. ఆ గంటన్నరలో శ్రోతలు భాగస్వాములయ్యే అవకాశం రాలేదు. ఉపన్యాసం అయిన తరువాత అభిప్రాయ పత్రాలు పంచితే, బయట సమోసాల వాసన వస్తున్నందున, అందరం అన్ని గళ్లలోనూ 'అత్యుత్తమం' అని గుర్తుపెట్టి లేచాము. పునశ్చరణ తరగతులను ఎద్దేవా చేసేవారికి ఇటువంటి ఉదాహరణలు ఎన్నో దొరుకుతాయి. ఆ ఎద్దేవాతో నేను పూర్తిగా ఏకీభవించను. మూడవ వారంలో ఒక మధ్యాహ్నం నాకు జరిగినదే దానికి కారణం.

ఆ మధ్యాహ్నం సూక్ష్మబోధన అభ్యాసం. బి.ఇడి. చదివినవారికి ఈ పదం చిరపరిచితం, మాకు కొత్త. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1963 ప్రాంతంలో డ్వైట్ ఆలెన్ ప్రభృతులు దీనిని రూపొందించారు. బోధన అనే మహాకార్యాన్ని చిన్న చిన్న నైపుణ్యాలుగా విడగొట్టడం, ఒకసారికి ఒకే నైపుణ్యాన్ని కొద్దిమంది ముందు కొన్ని నిమిషాలు అభ్యసించడం, చూసినవారు చెప్పిన లోపాలను సవరించుకొని వెంటనే మళ్లీ చెప్పడం, ఇదీ దాని స్వరూపం. మన దేశంలో ఎన్.సి.ఇ.ఆర్.టి. తయారుచేసిన నమూనా ప్రకారం ఒక ఆవృత్తికి 36 నిమిషాలు పడుతుంది: బోధనకు 6, పరిపుష్టికి 6, పునఃప్రణాళికకు 12, పునర్బోధనకు 6, పునఃపరిపుష్టికి 6. పాఠం చెప్పడానికి కేటాయించిన కాలానికి రెట్టింపు కాలం, చెప్పినదానిని గురించి ఆలోచించి సవరించుకోవడానికి కేటాయించారని పాఠకులు గమనింతురు గాక. మన నిత్యజీవితంలో ఈ నిష్పత్తి తలక్రిందులు. ఒక పీరియడు ముగిసి మరొక పీరియడు మొదలయ్యే లోపల సుద్దముక్క మార్చుకొనేంత వ్యవధి మాత్రమే ఉంటుంది.

నాకు వచ్చిన నైపుణ్యం ప్రశ్నించడం. నా విద్యార్థులుగా కూర్చున్నవారు ఒక భౌతికశాస్త్ర అధ్యాపకురాలు, ఒక వాణిజ్యశాస్త్ర అధ్యాపకుడు, ఒక గ్రంథపాలకుడు, వేరొక కళాశాల ఉర్దూ అధ్యాపకుడు ఒకరు, మరి ఇద్దరు. నేను ఎంచుకొన్న పాఠం ఉత్పలమాల. ఆరు నిమిషాలలో గురులఘువులు, గణాలు, భరనభభరవలు, పదవ అక్షరం యతి, ప్రాసనియమం అన్నీ చెప్పేశాను. నల్లబల్ల నిండినది. గంట కొట్టేసరికి ఒక విజయ దరహాసంతో నిలబడ్డాను.

వాణిజ్యశాస్త్ర మిత్రుడు వృత్తిధర్మం ప్రకారం జమాఖర్చులు వ్రాసుకొని ఉన్నాడు. చదివి వినిపించాడు. "మీరు పదకొండు ప్రశ్నలు అడిగారు. అందులో నాలుగు 'అర్థమైందా?' అనేవి. మిగిలిన ఏడింటిలో అయిదింటికి మీరే జవాబు చెప్పారు. రెండింటికి భౌతికశాస్త్రం మేడమ్‌గారు చెప్పారు. మేము అయిదుగురమూ నోరు విప్పలేదు. నాకు గురువు అంటే ఏమిటో ఇప్పటికీ తెలియదు."

నాకు కోపం వచ్చినదని ఒప్పుకోవాలి. ఆరు నిమిషాలలో ఛందస్సు ఎట్లా బోధపడుతుందని వాదించబోయాను. పర్యవేక్షకులైన వృద్ధ ఆచార్యులు చేయెత్తి వారించి, 'అర్థమైందా?' అనే ప్రశ్నకు మీ తరగతిలో ఎవరైనా ఎప్పుడైనా 'కాలేదు' అన్నారా అని అడిగారు. ఆలోచించాను. నా అయిదేళ్ల ఉద్యోగంలో ఎవరూ అనలేదు. మరి పరీక్షలో తప్పినవారి సంఖ్య నాకు తెలుసు. ఆ మాటలో ప్రశ్నార్థకం ఉన్నదే గాని ప్రశ్న లేదు. తల ఊపమని ఇచ్చే సంజ్ఞ అది.

ఆయనే మరొక విషయం చెప్పారు. అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యావేత్త ప్రాథమిక విజ్ఞానశాస్త్ర తరగతులను ధ్వనిముద్రణ చేసి పరిశీలించి, 1970వ దశకంలో ప్రకటించిన ఫలితాలు అవి. ఉపాధ్యాయులు ప్రశ్న అడిగిన తరువాత జవాబుకోసం సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారు. ఆ లోపల జవాబు రాకపోతే తామే చెప్పడమో, మరొకరిని అడగడమో, ప్రశ్నను మార్చడమో చేస్తున్నారు. ఆ విరామాన్ని మూడు సెకన్లకు, అంతకు మించీ పెంచినప్పుడు విద్యార్థుల జవాబులు దీర్ఘమయ్యాయి, 'తెలియదు' అనేవారు తగ్గారు, మందమతులని ముద్రపడినవారు సైతం మాట్లాడడం మొదలుపెట్టారు. విద్యార్థి జవాబు చెప్పిన తరువాత కూడా, వెంటనే అందుకోకుండా అంతసేపు ఆగితే, అతడు తన మాటను తానే పొడిగించి హేతువు చెబుతాడట. ఇందులో పరికరాలు లేవు, ఖర్చు లేదు. నోరు మూసుకొని ఉండడం ఒక్కటే కావాలి. మా వృత్తిలో అన్నిటికంటె కష్టమైనది అదే.

పన్నెండు నిమిషాలు చెట్టు క్రింద కూర్చున్నాను. ఉత్పలమాలను పూర్తిగా విడిచిపెట్టాను. గురులఘువులు మాత్రమే చెప్పాలని, పద్యం బదులు మనుషుల పేర్లు తీసుకోవాలని నిశ్చయించాను. రెండవసారి నిలబడి, 'రమణ', 'శారద' అని రెండు పేర్లు బల్లమీద వ్రాసి, ఈ రెండింటినీ పలికేటప్పుడు మీకు ఏమి తేడా వినిపిస్తున్నదని అడిగి, ఆగాను. ఒకటి, రెండు, మూడు. ఆ మూడు సెకన్లు నాకు మూడు యుగాలు. చెమట పట్టినది. గ్రంథపాలకుడు మెల్లగా, "శారదలో మొదటి అక్షరం దగ్గర ఎక్కువసేపు ఉండవలసి వస్తున్నది" అన్నాడు. గురువుకు అంతకంటె మంచి నిర్వచనం ఏ లక్షణగ్రంథంలో ఉంటుంది? 'రమణ' మూడూ లఘువులు గనుక నగణమనీ, 'శారద' గురువు, రెండు లఘువులు గనుక భగణమనీ, 'ఫాతిమా' గురు లఘు గురువులతో రగణమనీ, 'రహీమా' యగణమనీ వారే తేల్చారు. అప్పుడు ఉర్దూ అధ్యాపకులు, "మరి అహ్మద్?" అని అడిగారు. నా నాలుక చివరిదాకా వచ్చిన జవాబును మింగి, వారి ముఖంలోకే చూస్తూ నిలబడ్డాను. ఆయన పెదవులు కదిపి రెండు మూడుసార్లు పలికి చూసుకొన్నారు. "అ దీర్ఘం కాదు. కాని తరువాతి ఒత్తు దానిని పట్టి ఆపుతున్నది. కనుక గురువే. చివరిది పొల్లుతో ఆగుతున్నది, అదీ గురువే" అన్నారు. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువనే సూత్రాన్ని, తెలుగు ఛందస్సు ఎన్నడూ చదవని మనిషి తనంతట తాను కనుగొన్నాడు. అరూజ్ ఎరిగిన చెవి ఆయనకు తోడ్పడి ఉంటుంది. మొదటి పాఠంలో ఇదే సూత్రాన్ని నేను బల్లమీద వ్రాసి, క్రింద గీత కూడా గీశాను. అప్పుడు ఎవరికీ పట్టలేదు.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే పునశ్చరణ తరగతుల ప్రశస్తిగా మిగిలేది. కాని తరువాత జరిగినది కూడా చెప్పాలి. జూన్‌లో కళాశాల తెరచిన తరువాత రెండు వారాలపాటు శ్రద్ధగా ఆగాను. మూడవ వారంలో పాఠ్యప్రణాళిక వెనుకబడినది. నాలుగవ వారానికి 'అర్థమైందా?' తిరిగి వచ్చి తన పూర్వస్థానాన్ని ఆక్రమించినది. నాకు తెలియకుండానే వచ్చినది. 2021లో మరొక పునశ్చరణ తరగతికి అంతర్జాలం ద్వారా హాజరయ్యాను. తెరమీద చిన్న గళ్లలో పేర్లు మాత్రమే కనిపించేవి. ఆ పేర్ల వెనుక మనుషులు ఉన్నారో లేరో దేవునికే ఎరుక. ధ్రువపత్రం వచ్చినది. అలవాటు మారలేదు.

ఇది నా ఒక్కని దౌర్బల్యమే అయితే ఇక్కడ ప్రస్తావించవలసిన పని లేదు. బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే అమెరికా పరిశోధకులు 1980వ దశకం ఆరంభంలో ఉపాధ్యాయ శిక్షణపై వ్రాసిన ప్రసిద్ధ వ్యాసాలలో సరిగా ఈ విషయమే చర్చించారు. సిద్ధాంతం వివరించడంవల్ల జ్ఞానం పెరుగుతుంది; నమూనా పాఠం చూపి, అభ్యాసం చేయించి, లోపాలు చెబితే నైపుణ్యం అలవడుతుంది; అయినా అది తరగతి గదికి చేరి అక్కడ స్థిరపడాలంటే, తిరిగి వెళ్లిన చోట తోటి ఉపాధ్యాయుడు ప్రక్కన ఉండి చూస్తూ, చెబుతూ ఉండాలని వారి వాదన సారాంశం. కొత్త పద్ధతిని మొదట ప్రయోగించినప్పుడు పాఠం పూర్వంకంటె అధ్వాన్నంగా నడుస్తుంది. ఆ ఇబ్బందిని ఒంటరిగా భరించలేక మనిషి పాత దారికి మళ్లుతాడు. కార్యశాల ఎంత చక్కగా జరిగినా దానికి ఈ రెండవ భాగం లేకపోతే ఖర్చు వృథా. ఈ రెండవ భాగం విశ్వవిద్యాలయంలో జరిగేది కాదు. మన ఆవరణలోనే జరగాలి.

నన్ను ఈ పనికి పురికొల్పినది పరిశోధన కాదు. గత సంవత్సరం సెప్టెంబరులో మొదటి సంవత్సరం విద్యార్థి ఒకడు టి.సి.కి దరఖాస్తు పట్టుకొని సంతకంకోసం వచ్చాడు. పదవ తరగతి దాకా ఉర్దూ మాధ్యమంలో చదివినవాడు. ఎందుకు వెళ్లిపోతున్నావని అడిగితే తల వంచుకొని, "తెలుగు క్లాసులో నాకు ఏమీ రాదు సార్" అన్నాడు. దుకాణంలో పని కుదిరినదట. సంతకం పెట్టాను. అతడు వెళ్లిన తరువాత హాజరుపట్టీ తిరగవేశాను. మూడు నెలలలో ఒక్కరోజు కూడా మానలేదు. రాదని నేను నిర్ణయించినదీ, రాదని అతడు నమ్మినదీ ఒకే ఆధారంమీద: అడిగినప్పుడు జవాబు చెప్పలేదు. ఎన్ని సెకన్ల లోపల చెప్పలేదని నన్ను నేను ప్రశ్నించుకొన్నది ఆ సాయంత్రం. రెండు రోజుల తరువాత ఆ దుకాణానికి వెళ్లి అడిగాను. ఇంటి పరిస్థితులు కూడా ఉన్నాయని మర్యాదగా చెప్పి, టీ తెప్పించాడు. తిరిగి రాలేదు.

ఉర్దూ శాఖాధ్యక్షుల దగ్గరకు వెళ్లి, నా తరగతిలో కూర్చుని గడియారం చూడమని కోరినది ఆ తరువాతనే. ఆయన ఉద్యోగ విరమణకు దగ్గరపడినవారు. బాల్యంలో మదరసాలో చదివి, తరువాత విశ్వవిద్యాలయానికి వచ్చినవారు. "ఇదేమీ కొత్త కాదు మియా, మా దగ్గర తక్రార్ అనేవాళ్లం" అని ఆయన నవ్వారు. పగలు ఉస్తాదు చెప్పిన పాఠాన్ని సాయంకాలం విద్యార్థులు గుంపులుగా కూర్చుని, ఒకరు మొదటినుంచి చివరిదాకా తిరిగి చెబుతుంటే మిగిలినవారు ఎక్కడికక్కడ ఆపి నిలదీసే పద్ధతి అది. మధ్యయుగంలో బాగ్దాదు నిజామియా వంటి మదరసాలలో పాఠాన్ని మళ్లీ చెప్పి, వెనుకబడినవారికి విశదపరచడానికి 'ముయీద్' అనే సహాయకుడు ఉండేవాడు. పది మంది ముందు చెప్పడం, తప్పు పట్టించుకోవడం, మళ్లీ చెప్పడం: స్టాన్‌ఫర్డ్ వారు నిమిషాలు లెక్కకట్టి ఇచ్చిన దానిలో మన పాత సామాను కొంత ఉన్నది. మన వైపు మాత్రం ఏమి తక్కువ? అష్టావధానంలో పృచ్ఛకుడు దత్తపది ఇచ్చి, ఒక్కొక్క ఆవృత్తికి ఒక్కొక్క పాదం వచ్చేదాకా ఓపికగా కూర్చుంటాడు. అవధాని కన్నులు మూసుకొని ఆలోచిస్తుంటే సభలో ఎవరూ 'ఈయనకు రాదు' అనుకోరు. పండితునికి ఇచ్చే ఆ వ్యవధిని పదిహేడేళ్ల విద్యార్థికి ఇవ్వడానికి మనకు చేతులు రావు.

మొదటిరోజు ఆయన వ్రాసిన కాగితం నా దగ్గర ఉన్నది. యాభై నిమిషాలలో ఇరవైమూడు ప్రశ్నలు. మూడు సెకన్లకు పైగా ఆగినవి నాలుగు. జవాబులన్నీ ముందు రెండు బల్లలనుంచి. క్రింద ఉర్దూలో ఒక వాక్యం: ఉర్దూ మాధ్యమం పిల్లలకు మూడు సెకన్లు కూడా చాలవు. కారణం ఆయనే వివరించారు. ఆ పిల్లవాడు మీ ప్రశ్నను తెలుగులో వింటాడు, మనసులో ఉర్దూలోకి మార్చుకుంటాడు, జవాబు వెతుక్కుంటాడు, దానిని తిరిగి తెలుగులోకి మార్చుకుంటాడు, వ్యాకరణం తప్పితే ప్రక్కవాడు నవ్వుతాడేమోనని ఒకసారి సరిచూసుకుంటాడు. ఇన్ని మెట్లు ఎక్కి పైకి వచ్చేసరికి మీరు తలుపు వేసి వెళ్లిపోయి ఉంటారు. నా మాతృభాష కూడా ఉర్దూయే. ఆ మెట్లన్నీ నేను ఎక్కినవే. నాకు ఎక్కడం అలవాటై, మెట్లున్న సంగతి మరచిపోయాను.

నాల్గవసారి ఆయన వచ్చిన రోజున తద్భవాల పాఠం. 'రాత్రి' అనే మాట తెలుగులో ఏ రూపం తీసుకున్నదని అడిగి ఆగాను. చివరినుంచి రెండవ బల్లమీద కూర్చునే ఒక విద్యార్థిని, జూన్ నుంచి అంతవరకు ఒక్కమాట కూడా మాట్లాడనిది, కొంగు సర్దుకొని, "రాతిరి" అన్నది. నేను వెంటనే 'శభాష్' అని అందుకోలేదు. మళ్లీ ఆగాను. "ఉర్దూలో రాత్ అంటాం సార్. అది కూడా అక్కడినుంచే వచ్చి ఉండాలి" అని కలిపినది. తరగతి మొత్తం వెనక్కు తిరిగి చూసినది. ఆమె జవాబుకు ముందు నిశ్శబ్దం ఏడు సెకన్లని కాగితంలో ఉన్నది. పాత పద్ధతిలో అయితే ఆరు సెకన్ల క్రితమే నేను జవాబు చెప్పి, 'అర్థమైందా?' అని, ఆమె ఊపే తలను చూసి సంతృప్తిపడి ఉండేవాడిని. అంతవరకు నా పుస్తకంలో ఆమె పేరు ప్రక్కన 'మందకొడి' అని వ్రాసి ఉన్న గుర్తును ఆనాడు కొట్టివేశాను.

అన్ని రోజులూ ఇట్లా ఫలించాయని అనుకోవద్దు. చాలాసార్లు ఏడు సెకన్ల తరువాత కూడా నిశ్శబ్దమే. ఒక్కొక్కప్పుడు ప్రశ్నే తప్పుగా ఉండేది. పాఠ్యప్రణాళిక వెనుకబడిన మాట కూడా నిజం. ఫిబ్రవరిలో ప్రత్యేక తరగతులు పెట్టి పూర్తిచేయవలసి వచ్చినది. దానికి విద్యార్థులు విసుక్కున్నారు. ఆ విసుగు న్యాయమైనదే.

కళాశాల పాలకవర్గం పెద్దలకు నా మనవి ఇది. అధ్యాపకులను శిక్షణ తరగతులకు పంపడానికి మీరు సెలవు ఇస్తున్నారు, ప్రయాణపు ఖర్చు ఇస్తున్నారు; దీనికి కృతజ్ఞులము. తిరిగి వచ్చినవారిని ధ్రువపత్రం నకలు మాత్రమే అడుగుతున్నారు. దానితోపాటు మరొకటి ఇవ్వండి, మరొకటి అడగండి. ఇవ్వవలసినది: కాలపట్టికలో వారానికి ఒక పీరియడు, ఇద్దరేసి అధ్యాపకులు ఒకరి తరగతిలో మరొకరు కూర్చోవడానికి. శాఖలు వేరుగా ఉంటే మరీ మంచిది. తెలుగు తెలిసినవారు నా తరగతిలో కూర్చుంటే ఛందస్సునే చూస్తారు, నన్ను చూడరు. అడగవలసినది: శిక్షణనుంచి తెచ్చిన ఒకే ఒక నైపుణ్యాన్ని ఒక అర్ధసంవత్సరంపాటు అభ్యసించమని. ఒక్క షరతు ఉన్నది. ప్రక్కన కూర్చున్నవారు వ్రాసిన కాగితం ఆ ఇద్దరి మధ్యనే ఉండాలి. అది ప్రిన్సిపాల్‌గారి బల్లమీదికి గాని, పదోన్నతి ఫైలులోకి గాని చేరిన మరుక్షణం ప్రతి అధ్యాపకుడూ ఆ రోజుకు అలంకరించిన పాఠం ఒకటి సిద్ధం చేసుకుంటాడు; చూడవలసినది కనిపించదు. చిన్న కళాశాలలో పీరియడు దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఖాళీగా ఉన్న పీరియడు కాదు నేను అడుగుతున్నది. శనివారం చివరి గంట అయినా సరే.

విద్యార్థులకు కూడా ఒక మాట. మీ అధ్యాపకుడు ప్రశ్న అడిగి మౌనంగా నిలబడినప్పుడు ఆయన పాఠం మరచిపోయాడని అనుకోకండి. ముందు బల్లవారు జవాబు తెలిసినా కొంచెంసేపు పట్టి ఉంచండి. ప్రక్కవాని చెవిలో చెప్పి అతని వంతు తీసివేయకండి. 'అర్థమైందా?' అని మేము అలవాటుగా అన్నప్పుడు, కాకపోతే కాలేదని చెప్పండి. మొదటిసారి మా ముఖం చిన్నబోతుంది, భయపడకండి.

ఉర్దూ శాఖాధ్యక్షులు వచ్చే మార్చిలో పదవీ విరమణ చేస్తున్నారు. అంతవరకు ప్రతి గురువారం నాలుగవ పీరియడులో చివరి బల్లమీద వారి గడియారం ఉంటుంది. బదులుగా ఆయన గజల్ పాఠానికి నేను వెళ్తున్నాను. మొదటి రోజున లెక్క చూసి చెప్పాను: పందొమ్మిది ప్రశ్నలు, మూడు సెకన్లు ఆగినవి ఆరు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకొని, ఆ కాగితాన్ని నా చేతిలోంచి తీసుకొని జేబులో పెట్టుకున్నారు.